షుగరు లేని తోడల్లుడు

శివపార్వతమ్మ ఒక మాట అన్నదంటే ఇక దానికి తిరుగులేదు. పోయిన వారం ఆ పెద్దావిడ ఇద్దరల్లుళ్ళనూ తన పంచలో కూర్చోబెట్టి తేల్చేసిన సంగతి ఊరంతా పాకిపోయింది. ఈ ఏరువాక నుంచి తన మిట్టచేనుకు పెత్తందారు ఒక్కడే. పంటలో వాటా ఇద్దరు కూతుళ్ళకూ సమానమే, అందులో తేడా లేదు. కానీ ఏ విత్తనం వేయాలి, ఏ మందు కొట్టాలి, కూలీలను ఎప్పుడు పిలవాలి అన్న మాట మాత్రం ఒక్కడి నోట్లోంచే రావాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. పెద్దల్లుడు చలమయ్య పక్షవాతం వచ్చి లేచినవాడు. చిన్నల్లుడు బుల్లయ్యా అంతే. ఇద్దరూ నేనంటే నేనంటున్నారు. అందుకని ఆమె ఒక షరతు పెట్టింది. శనివారం పొద్దున తన గుమ్మంలో బయల్దేరి, చేలో ఉన్న మోటారు షెడ్డును ముందుగా ఎవరు ముట్టుకుంటే పెత్తనం వాళ్ళది. కర్ర పట్టుకోవచ్చు, మనిషి చెయ్యి పట్టుకోకూడదు. దారిలో కూలబడితే ఓడినట్టే.

ఆ శనివారం తెల్లవారింది.

చలమయ్య చీకటితోనే లేచి మంచం మీద కూర్చున్నాడు. తన కాలు నడుస్తుందా లేదా అన్న బెంగ కాదతనిది. తోడల్లుడి కాలు నడుస్తుందేమోనన్న బెంగ. మనిషికి ఇంత ఓర్వలేనితనం పనికొస్తుందా అని అడిగేవాళ్ళుంటే, ఒక అత్తగారికున్న ఇద్దరల్లుళ్ళలో ఒకడిగా కొన్నాళ్ళు బతికి చూసి అప్పుడు అడగమంటాను.

కిందటి దసరా వెళ్ళాక, పత్తితీతల రోజుల్లో, పెరట్లో మొహం కడుక్కుంటున్న చలమయ్య చేతిలోంచి చెంబు జారింది. వంగి తీసుకోబోతే కుడికాలు మాట వినలేదు. నెలల తరబడి మంచం పట్టాడు. అతను ఇంకా గోడ పట్టుకుని లేస్తున్న రోజుల్లోనే, మిరపకోతలు మొదలయ్యాక, బుల్లయ్యకు కల్లంలో నోరు వంకర తిరిగి ఎడమ పక్క పడిపోయింది. కబురు విని చలమయ్య నిజంగానే ఏడ్చాడు. అబద్ధమెందుకు, ఆ ఏడుపులో తనకొక తోడు దొరికిందన్న ధైర్యం కూడా కాస్త కలిసి ఉండొచ్చు. కానీ ఎండలు ముదిరేసరికి సంగతి తారుమారైంది. తన తర్వాత పడ్డవాడు తనకంటే ముందు లేచాడు. తను ఇంకా కాలీడుస్తుంటే, వాడు కర్రను చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. చలమయ్య కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

ఊళ్ళోవాళ్ళన్నా ఊరుకోవచ్చు కదా. టీకొట్టు దగ్గరా, ఎరువుల షాపు దగ్గరా, కొత్తగా వచ్చిన బీటీ పత్తి గింజ వేయాలా వద్దా అని తగువులాడుకునే చోటా, అల్లుళ్ళిద్దరి ప్రస్తావన వస్తే అందరిదీ ఒకే పాట. బుల్లయ్యకేం, ఒంట్లో షుగరు లేదు, చలమయ్యకే పాపం షుగరు. ఆ 'పాపం' అన్న మాట చలమయ్యకు పుండు మీద కారం చల్లినట్టుండేది. అయితే ఆ మాటలోనే అతనికి ఒక ఊరట కూడా ఉండేది. దాన్ని పైకి ఒప్పుకోడు. తను వెనకబడ్డది తన చేతకానితనం వల్ల కాదు, షుగరు వల్ల. తప్పు తనది కాదు, జబ్బుది.

గుంటూరు కొత్తపేటలో ఫిజియోథెరపీ సెంటరుకు ఇద్దరూ వారానికి రెండుసార్లు సుభానీ ఆటోలో కలిసే వెళ్ళేవాళ్ళు. అక్కడ శ్రీదివ్య అని ఒక చీరాల అమ్మాయి ఉంది. వయసు చిన్నదైనా మాట గట్టిది. చేతులూ కాళ్ళూ వంచి లాగే కసరత్తులు అయ్యాక, ఇద్దరినీ పక్కపక్కన సైకిళ్ళెక్కించేది. తొక్కుతుంటే కదలని సైకిళ్ళవి. పక్షవాతం వచ్చినవాళ్ళకు చెయ్యీ కాలూ తిరిగి రావడం ఒకటే చాలదనీ, గుండెకూ ఊపిరికీ దమ్ము పెరగాలనీ, దానికి రోజూ కాసేపు ఆగకుండా నడవాలి లేదా తొక్కాలనీ ఆమె చెప్పేది. ఎంత జోరుగా అంటే, పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత జోరుగా. మాట తెగిపోతుంటే జోరు తగ్గించాలి. ఇళ్ళ దగ్గర కూడా పొద్దునా సాయంత్రం నడవమనేది.

బుల్లయ్య ఆ మాట పట్టుకున్నాడు. రోజూ తన మిరపకల్లం చుట్టూ తిరిగేవాడు. రంగు చెడ్డ తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మధ్యనుంచి, ఘాటుకు తుమ్ముకుంటూ, వాళ్ళు వేసే ఛలోక్తులకు తనూ ఒకటి విసురుకుంటూ తిరిగేవాడు. చలమయ్యకు అది ప్రదర్శనలా కనిపించేది. తను మాత్రం కాలీడ్చుకుంటూ నలుగురి కళ్ళబడడం ఇష్టంలేక ఇల్లు కదిలేవాడు కాదు. సెంటర్లో తొక్కిందే తొక్కుడు. అక్కడా శ్రీదివ్య అతని వేలికి సూది గుచ్చి రక్తం చూసి గానీ సైకిలెక్కనిచ్చేది కాదు. షుగరుకు మాత్ర వేసుకున్నాక తినకుండా కసరత్తు చేస్తే షుగరు బాగా దిగిపోయి కళ్ళు తిరుగుతాయనీ, తినే రావాలనీ చెప్పేది. చెప్పులు విప్పించి అరికాళ్ళకు దెబ్బలున్నాయేమో చూసేది. పక్క సైకిలు మీద తోడల్లుడు హాయిగా కబుర్లు చెబుతుంటే, తను చిన్నపిల్లాడిలా వేళ్ళూ కాళ్ళూ చూపించుకోవడం చలమయ్యకు తలకొట్టేసినట్టుండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు, షుగరున్న తను బుల్లయ్యను అందుకోగలడా అని. శ్రీదివ్య నవ్వి, ఆయనతో పోటీ పెట్టుకోవద్దు బాబాయ్ అంది. షుగరున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఈ నడక మేలు చేస్తుందనీ, షుగరున్నవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా చేయాలనీ, ఎవరికి వాళ్ళు తాము మొదటిరోజు ఎంత నడిచారో ఇప్పుడెంత నడుస్తున్నారో చూసుకోవాలనీ చాలా వివరంగా చెప్పింది. చలమయ్య చెవికెక్కింది మొదటి ముక్కొక్కటే. పోటీ వద్దన్నదంటే గెలవలేవని చెప్పినట్టే కదా అనుకున్నాడు. ఆ కోపంతో ఇప్పుడు అత్తగారు పెట్టిన పందెం సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు.

ఇదిగో, ఆ శనివారం పొద్దున మంచం మీద కూర్చుని అతను చేసిన ఆలోచన ఇది. తనకూ గెలుపుకూ మధ్య అడ్డంగా ఉన్నది షుగరు. ఈ ఒక్క పూట దాన్ని అణిచేస్తే చాలు, కాళ్ళు వాటంతటవే వస్తాయి. పత్తిరైతు బుర్ర ఎక్కడికి పోతుంది. పచ్చపురుగు ఒక మోతాదుకు చావకపోతే రెండు మోతాదులు కొట్టడం, దానికీ లొంగకపోతే రెండు రకాల మందులు కలిపి కొట్టడం ఆ చేలల్లో అందరికీ అలవాటైన విద్య. దాంతో పురుగు చచ్చిందా, చేను మాడిందా అన్నది వేరే సంగతి. చలమయ్య మాత్రల పట్టీ తీసి, రోజూ వేసుకునే ఒకటికి రెండు మింగాడు. షుగరుకు మేతెందుకు వేయాలని తిండి కూడా మానుకున్నాడు.

భార్య వెంకటేశ్వరమ్మ ఇడ్లీలు పెట్టుకొస్తే, శనివారం ఒంటిపొద్దు అన్నాడు. షుగరు బయటపడ్డాక డాక్టరు వద్దంటే మానేసిన ఒంటిపొద్దు అది. ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందని ఆమె అడిగింది. వెంకన్నకు మొక్కుకున్నానన్నాడు. ఆమె ఇంకేదో అనబోయేలోపు కర్ర అందుకుని, పంచె ఎగదోపుకుని గుమ్మం దాటాడు. మొక్కు మాటెత్తితే ఆడవాళ్ళు అడ్డం రారని అతనికి తెలుసు.

శివపార్వతమ్మ గుమ్మం ముందు ఇద్దరూ నిలబడ్డారు. పెద్దావిడ ఇద్దరినీ ఎగాదిగా చూసి, ముందుగా సుభానీ ఆటోలో చేనుకు వెళ్ళిపోయింది. షెడ్డు దగ్గర దిగి కూర్చుంటాననీ, దొంగనడకలు నడిస్తే తన కళ్ళు ఇంకా పోలేదనీ చెప్పి మరీ వెళ్ళింది. ఆటో దుమ్ము అణిగాక తోడల్లుళ్ళు డొంకదారి పట్టారు.

మొదట్లో పక్కపక్కనే నడిచారు. డొంకకు అటూ ఇటూ తుమ్మచెట్లు, వాటి వెనక పత్తికట్టె పీకేసిన నల్లచేలు. ఎండ ఇంకా మెత్తగానే ఉంది. బుల్లయ్య బయల్దేరిన దగ్గర్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఫలానావాళ్ళ బోరు ఎండిపోయిందట, బీటీ గింజ వేసినవాళ్ళకు పోయినేడు పురుగు తగ్గిందట, కానీ మిట్టచేనుకు మిరపే నయమట. చలమయ్యకు ఒళ్ళు మండింది. పందెంలో నడుస్తూ కబుర్లు చెబుతున్నాడంటే తనను ఎంత తేలిగ్గా తీసుకున్నాడో కదా అనుకున్నాడు. శ్రీదివ్య చెప్పిన కొలత అదేనని, వాడు తన ఊపిరిని తానే చూసుకుంటున్నాడని అతనికి తట్టలేదు. పైగా చేను అప్పుడే తన చేతికొచ్చినట్టు మిరప గురించి మాట్లాడుతున్నాడు. చలమయ్య జవాబివ్వకుండా అడుగు పెంచాడు.

చిత్రం, కాలు వచ్చింది. కర్ర ముందుకు పడింది, కుడికాలు దాని వెంట పడింది. వెనక నుంచి నిదానంగా నడవమని బుల్లయ్య కేక వేస్తుంటే ఆ కేక దూరమవడం చలమయ్యకు వినసొంపుగా ఉంది. షుగరు చచ్చింది అనుకున్నాడు. రెండు మాత్రల దెబ్బకు చచ్చింది. ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. బుల్లయ్య తుమ్మచెట్టు నీడలో నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. వాడలా ఆగి ఉండగా చూడడం కోసమే ఈ ఎండాకాలమంతా బతికినట్టనిపించింది చలమయ్యకు.

పంటకాలువ తూము దగ్గరికి వచ్చేసరికి అక్కణ్ణుంచి మోటారు షెడ్డు కనిపిస్తోంది. షెడ్డు నీడలో తెల్లచీర కూడా కనిపిస్తోంది. అప్పుడు చలమయ్యకు చెమట పోసింది. నడిచిన చెమట కాదది, చల్లటి చెమట. కర్ర పట్టుకున్న చెయ్యి వణికింది. తెల్లచీర రెండైంది. ఆకలి కాని ఆకలి ఒకటి కడుపులో లేచి, మోకాళ్ళలోంచి సత్తువంతా లాగేసింది. ఇంకొక్క అడుగు వేద్దామనుకున్నాడు. తూము గట్టు మీద కూలబడ్డాడు.

మళ్ళీ వచ్చింది అనుకున్నాడు. రెండోసారి పక్షవాతం వస్తే లేవరని ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ భయంలో కూడా అతని కళ్ళు డొంక వైపే ఉన్నాయి. బుల్లయ్య వస్తున్నాడు. ఇప్పుడు తనను దాటుకుని వెళ్ళిపోతాడు, షెడ్డు ముట్టుకుంటాడు. ప్రాణం పోతున్నా బాధ లేదు గానీ వాడు దాటిపోవడం చూడాలా అని చలమయ్యకు ఏడుపొచ్చింది.

బుల్లయ్య దాటిపోలేదు. కర్ర పక్కన పడేసి ఎదురుగా చతికిలబడ్డాడు. రెండు చేతులూ ఎత్తమన్నాడు. చలమయ్య ఎత్తాడు, వణికాయి గానీ రెండూ లేచాయి. పళ్ళు కనబడేలా నవ్వమన్నాడు. నవ్వేదేమిటని చలమయ్య తిట్టాడు. తిట్టు తిన్నగానే వచ్చింది, నోరు వంకర పోలేదు. బుల్లయ్య తేలిగ్గా ఊపిరి వదిలాడు.

"పక్షవాతం కాదన్నా. షుగరు దిగిపోయింది. పొద్దున ఏం తిన్నావ్?"

"ఒంటిపొద్దు," అన్నాడు చలమయ్య.

"మాత్ర?"

చలమయ్య రెండు వేళ్ళు చూపించాడు.

బుల్లయ్య నెత్తిన కొట్టుకున్నాడు. చొక్కా జేబులోంచి చిన్న కాగితప్పొట్లం తీశాడు. ఎడమచెయ్యి ఇంకా సరిగా రాదు కాబట్టి పంటితో విప్పి, అందులోని గ్లూకోజు పొడి చలమయ్య నోట్లో పోశాడు. మింగమన్నాడు, మింగేదాకా చూశాడు, ఇంకాస్త పోశాడు. భుజానికి వేలాడుతున్న సీసాలోంచి నీళ్ళు తాగించాడు. కాసేపటికి వణుకు తగ్గింది. రెండు తెల్లచీరలూ మళ్ళీ ఒకటయ్యాయి. బుర్ర తిరిగి పని మొదలుపెట్టింది. చలమయ్య బుర్ర పని మొదలుపెట్టిందంటే ముందుగా వెళ్ళేది బుల్లయ్య మీదికే.

"నీకు షుగరు లేదుగా. జేబులో గ్లూకోజు ఎందుకు?" అని అడిగాడు.

బుల్లయ్య పొట్లం మడతపెట్టి జేబులో దాచుకున్నాడు. నేల చూస్తూ చెప్పాడు.

"ఉందన్నా. నువ్వు మంచినీళ్ళకు బయటికెళ్ళినప్పుడు ఒకరోజు ఆ అమ్మాయి నా వేలు కూడా గుచ్చి చూసింది. డాక్టరు దగ్గరికి పంపించింది. నెలయింది. పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటున్నా."

దాచడమెందుకు, చలమయ్యకు మొదట కలిగింది సంతోషం. ఎంత సంతోషమంటే ఒళ్ళంతా తేలికైపోయింది. ఊరంతా కోడై కూసిన షుగరు లేని ఒళ్ళు ఇదేనా అనుకున్నాడు. వీడికీ వేలికి సూదే, వీడికీ పథ్యమే. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. ఆ రంగు చూసి బుల్లయ్య, గ్లూకోజు ఎక్కినట్టుందన్నా అని తనూ సంతోషించాడు.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

బుల్లయ్య తల ఎత్తాడు. మోటారు షెడ్డు వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"అత్తగారింటికి నువ్వొస్తే కోడి కోసేవాళ్ళు, నేనొస్తే కోడిగుడ్డు అట్టు వేసేవాళ్ళు. ముప్పై ఏళ్ళు అట్టే తిన్నా, ఏమన్నా అన్నానా? ఈ జబ్బొచ్చాక, మొట్టమొదటిసారి ఊళ్ళో చలమయ్య కంటే బుల్లయ్య నయం అన్నారు. ఎందులో నయం? షుగరు లేకపోవడంలో. నాకు నీకంటే ఎక్కువని నలుగురూ అన్నది అదొక్కటే అన్నా. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు."

చలమయ్యకు అర్థమైంది. తను వీణ్ణి చూసి కుళ్ళుకుంటున్నట్టే ఇన్నేళ్ళూ వీడు తనను చూసి కుళ్ళుకున్నాడన్న మాట. ఆ సంగతి విని మనసు చల్లబడాల్సింది. చల్లబడలేదు. ఎందుకంటే అప్పుడే అతనికి అసలు లెక్క తెలిసొచ్చింది. షుగరుతోనే వీడు నడిచాడు. షుగరుతోనే కల్లం చుట్టూ తిరిగాడు, షుగరుతోనే కర్రను చంకలో పెట్టుకున్నాడు. తన కాలికి అడ్డం పడుతున్నది షుగరు కాకపోతే మరి ఏమిటి? ఇంట్లో గోడ పట్టుకుని కూర్చున్న పొద్దులూ సాయంత్రాలూ కళ్ళముందు తిరిగాయి. షుగరు లేని తోడల్లుణ్ణి చూసి ఏడవడం సులువే. షుగరున్న తోడల్లుణ్ణి చూసి ఏడవడానికి సాకు దొరకలేదు.

చెయ్యి ఇవ్వనా లేపుతానని బుల్లయ్య అడిగాడు. వద్దు, మనిషి చెయ్యి పట్టుకుంటే ఓడినట్టేనని చలమయ్య కసిరాడు. కూలబడినప్పుడే ఓడాడని తెలిసినా కసిరాడు.

అంతలో అడుగుల చప్పుడైంది. షెడ్డు నీడలో కూర్చుని కూర్చుని విసుగెత్తి శివపార్వతమ్మే నడుచుకుంటూ వచ్చేసింది. డెబ్బై దాటిన మనిషి. ఆ పొద్దున చేనుకూ తూముకూ మధ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది ఆమె ఒక్కతే. ఇద్దరల్లుళ్ళూ తూము గట్టు మీద బొమ్మల్లా కూర్చుని ఉండడం చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది. ఎవరు ముందు కూలబడ్డారని అడిగింది.

"నేనే అత్తా," అన్నాడు బుల్లయ్య టక్కున. "కళ్ళు తిరిగాయి. అన్నయ్య నాకోసం ఆగాడు. లేకపోతే ఈపాటికి షెడ్డు ముట్టుకునేవాడే."

చలమయ్యకు చేను దక్కింది. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, మిట్టచేను తనది. పెద్దరికం తనది. కానీ అతను తోడల్లుడి మొహం వైపు చూశాడు. ఏమీ జరగనట్టు, అరువిచ్చిన గొడుగు గురించి మాట్లాడినట్టు ఎంతో మామూలుగా ఉందా మొహం. అది చూసేసరికి చలమయ్య కడుపులో ఇంతకు ముందెన్నడూ లేనంత మంట లేచింది. నడకలో వీడే ముందు, పలుకుబడిలో వీడే ముందు, ఆఖరికి మంచితనంలో కూడా వీడేనా ముందు? చేనన్నా వదులుకుంటాను గానీ ఇది మాత్రం వీడికి వదలను అనుకున్నాడు.

"వాడు అబద్ధం చెబుతున్నాడు. ముందు పడ్డది నేను," అన్నాడు.

నిజాయితీతో అనలేదు. అసూయతో అన్నాడు. అయినా నిజం నిజమే కాబట్టి శివపార్వతమ్మ మొహంలో ఏదో మెత్తబడింది. పెద్దల్లుడి నోటినుంచి ఓటమి మాట వినడం ఆమెకు కొత్త. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అయితే చేను బుల్లయ్యదేనా అని తనలో తను అనుకున్నట్టుగా అంది. బుల్లయ్య అడ్డంగా తల ఊపాడు. పడ్డవాడి మీద గెలిచే చేను తనకొద్దనీ, అన్నయ్య తేరుకున్నాక ఇంకోరోజు మళ్ళీ నడుద్దామనీ అన్నాడు. చలమయ్య పళ్ళు నూరుకున్నాడు. మళ్ళీ వాడే ముందు.

ఊరివైపు నుంచి ఆటో వచ్చి ఆగింది. పెద్దావిణ్ణి చేలో దించి మంచినీళ్ళ క్యానుకోసం ఊళ్ళోకి వెళ్ళిన సుభానీ, తిరిగొస్తూ వెంకటేశ్వరమ్మను ఎక్కించుకొచ్చాడు. ఆమె ఒక చేతిలో టిఫిను డబ్బా, ఇంకో చేతిలో మాత్రల పట్టీ. పట్టీలో ఒక గుంట ఖాళీ అవ్వాల్సిన చోట రెండు ఖాళీలుండడం చూసి, వాకిట్లో ఆటో కనబడగానే కట్టుకున్న చీరతోనే ఎక్కేసింది. మొగుడు కూర్చుని ఉన్నాడనీ కళ్ళు తెరిచే ఉన్నాడనీ చూశాక గానీ ఆమెకు ఊపిరాడలేదు. తర్వాత తిట్టడానికి తీరిక లేనట్టు డబ్బా మూత తీసి, ఇడ్లీ తుంచి అతని చేతిలో పెట్టింది. తింటే గానీ లేవొద్దంది. మొక్కు సంగతి వెంకన్నతో తను మాట్లాడుకుంటానంది.

చలమయ్య బుద్ధిగా తింటున్నాడు. ఆమె ఇంకో రెండు ఇడ్లీలు మూతలో పెట్టి, చెల్లెలి మొగుడికి అందించింది.

"నువ్వూ తిను బుల్లయ్యా. మాత్ర వేసుకుని ఎంతసేపయిందో ఏమో. నీకూ కళ్ళు తిరిగితే ఇద్దర్నీ మోయలేను."

మామూలుగానే అన్నది. రోజూ అనే మాటలాగా అన్నది. చలమయ్య చేతిలో ఇడ్లీ ముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఏం మాత్రని శివపార్వతమ్మ అడుగుతోంది, సుభానీ ఆటో ఆపేసి ఇటే చూస్తున్నాడు. బుల్లయ్య తల వంచుకున్నాడు. ఎవరి మాటా చలమయ్యకు వినపడలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు భార్యతో.

"చెల్లి చెప్పింది. నెలయింది."

"నెల్రోజుల్నుంచి తెలిసి నాకు చెప్పలేదా? కట్టుకున్న మొగుణ్ణి. ఊరంతా షుగరు లేదు, షుగరు లేదని వీణ్ణి నెత్తిన పెట్టుకుంటుంటే, నేను లోపల్లోపల చస్తుంటే, ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

వెంకటేశ్వరమ్మ డబ్బా మూత బిగించింది. చెప్పనా వద్దా అని ఒక్క క్షణం చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"చెబితే సంతోషిస్తావని చెప్పలేదయ్యా," అంది.

చలమయ్య ఎవరి వైపూ చూడలేక చేతిలో ముక్క వైపు చూశాడు. అత్తగారు చూస్తోంది. సుభానీ చూస్తున్నాడు. వాళ్ళ చూపులు ఒక లెక్క కాదు. వంచిన తల నెమ్మదిగా ఎత్తి బుల్లయ్య చూస్తున్నాడు.

"అన్నా," అన్నాడు బుల్లయ్య. "ఇందాక నాకూ షుగరుందని చెప్పగానే నీ మొహం వెలిగింది. గ్లూకోజు పనిచేసిందనుకున్నా. అది కాదా అన్నా?"